మోరీ కాడికి వచ్చే మనిషి

హైదరాబాద్ ముస్లింల రాజకీయం గురించి తెలుగులో ఎవరు రాసినా కలం పోయి చార్మినార్ కిందే ఆగుతుంది. పాతబస్తీ, మజ్లిస్, దారుస్సలాం, కర్ఫ్యూ - ఈ నాలుగు మాటలతో వ్యాసం అయిపోతుంది. హుస్సేన్‌సాగర్ కట్ట దాటి ఇటు సికింద్రాబాద్ వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఇక్కడా ముస్లింలున్నారు. వారాసిగూడలో, చిలకలగూడలో, రెజిమెంటల్ బజార్‌లో, రసూల్‌పురలో, బొల్లారంలో తరతరాలుగా ఉన్నారు. కాని ఇక్కడి లెక్క వేరు. పాతబస్తీ ముస్లిం తన ఓటుతో తనవాణ్ని గెలిపించుకోగలడు. సికింద్రాబాద్ ముస్లిం చాలా వార్డుల్లో ఆ పని చేయలేడు. హిందువుల ఇళ్ల మధ్య, క్రైస్తవుల ఇళ్ల మధ్య చెదిరి ఉన్నాడు. అతని కార్పొరేటర్ పేరు అతని పేరులాంటిది కావడం అరుదు.

మరి అతనికి ప్రాతినిధ్యం అంటే ఏమిటి? తన మతంవాడు గెలవడమే ప్రాతినిధ్యమైతే, సికింద్రాబాద్ ముస్లింకు ఎన్నటికీ ప్రాతినిధ్యం లేనట్టే. అట్లా కాదనుకుంటే, వేరే పేరున్న కార్పొరేటర్‌ని తనవాడిగా చేసుకునే దారి ఒకటి ఉండాలి. ఆ దారి ఎందుకు పడలేదో తెలియాలంటే లష్కర్ చరిత్రలోకి పోవాలి.

సికింద్రాబాద్‌ని పాతకాలం వాళ్లు లష్కరనే అంటారు. లష్కర్ అంటే ఫౌజు, ఫౌజు దిగిన చోటు. 1798లో నిజాం ఇంగ్లిషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన డేరాలు వేశాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ చోటు సికింద్రాబాద్ అయింది. పటాలం ఉన్నచోట బజారు పుడుతుంది. మాంసం కొట్టేవాడు, గుర్రాలకు నాడాలు వేసేవాడు, దర్జీ, మేస్త్రీ, జట్కావాలా - అందరూ చేరారు. తెలుగువాళ్లు, తమిళ మొదలియార్లు, పార్సీలు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు ఒకరి గోడకు ఒకరు ఆనుకుని ఇళ్లు కట్టుకున్నారు. 1874లో రైలొచ్చింది. తర్వాత లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. రైల్వే జీతం మీద బతికే ముస్లిం కుటుంబాలు పెరిగాయి.

ఉజ్జయిని మహంకాళి కథ కూడా ఈ పటాలం కథే. డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో పటాలంతో ఉజ్జయిని పోయినప్పుడు అక్కడ కలరా వచ్చిందని, మొక్కుకుని తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని చెప్తారు. ఆ జాతరను ఇవాళ్టికీ లష్కర్ బోనాలనే పిలుస్తాం. తెలుగు అమ్మవారి పండుగ ముందు ఒక ఫారసీ మాట నిలబడి ఉంది. ఎవరూ దాన్ని తీసేయమనలేదు. ఎవరి మాట ఎవరిదో తేల్చుకునే తీరిక లేని బజారు అది.

అయితే ఆ బజారు జనానికి ఓటు లేదు. కంటోన్మెంటు పాలన అంతా ఫౌజు చేతిలో ఉండేది. మోరీ తీయించినా, బావిలో మందు వేయించినా సిపాయికీ దొరకీ జబ్బు తగలకుండా చేసిన పనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. దోమలను కుట్టించుకోడానికి ఒళ్లు అప్పగించిన రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. హుసేన్ ఖాన్ ఒక నోటుపుస్తకంలో పేరుగా మిగిలాడు. ఆ నాటి పాలనలో బజారు మనిషికున్న స్థానం అంతే. అతని ఒంటితో పనుంది, అతని మాటతో పనిలేదు.

కట్టకు అవతల హైదరాబాద్‌లోనూ పురపాలన పైనుంచే వచ్చింది. 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో మునిసిపల్ శాఖ పెట్టారు. 1933లో చాదర్‌ఘాట్‌ని కలిపి కార్పొరేషన్ చేశారు. 1934లో మొదటి ఎన్నికలు జరిగాయి. ఓటు మాత్రం కొద్దిమందిదే. 1942లో ఆ కార్పొరేషన్ హోదా కూడా తీసేశారు. 1945లో సికింద్రాబాద్‌కి మునిసిపాలిటీ వచ్చింది. 1950లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ వేర్వేరు కార్పొరేషన్లయ్యాయి. 1951లో ఆంధ్ర మహాసభ పెద్ద మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ మేయరయ్యారు.

ఆ సంవత్సరాలను ముస్లిం వైపు నుంచి చూడాలి. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత ఎందరో ముస్లింల కొలువులు పోయాయి. జిల్లాల నుంచి తరిమివేతకు గురైనవాళ్లు నగరానికి వచ్చిపడ్డారు. నవాబుల పాలన పోయిందని అందరూ అన్నారు. ఆ పాలనలో జట్కావాలా ముస్లింకు ఏ భాగం ఉండేదో ఎవరూ అడగలేదు. అట్లాంటి రోజుల్లో వయోజన ఓటు వచ్చింది. నిజాం కింద కూడా ఓటు లేని మేస్త్రీకి, దర్జీకి, వాళ్ల ఆడవాళ్లకు మొదటిసారి ఓటు దొరికింది. ముస్లిం పేదకు 1948లో పోయినదాని గురించి ఎన్నో పుస్తకాలున్నాయి. తర్వాత దొరికిన ఈ ఒక్కదాని గురించి మనమే సరిగా రాసుకోలేదు.

1960 ఆగస్టులో రెండు కార్పొరేషన్లను ఒకటి చేశారు. సికింద్రాబాద్‌కి తన సొంత మేయరు పోయాడు. కౌన్సిల్ కూర్చునే చోటు కట్టకు అవతలి ఒడ్డుకు జరిగింది. కాని అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. 1970లో పాలకవర్గం రద్దయింది. మళ్లీ ఎన్నికలు 1986లో జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 1991లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2002లో. లెక్క వేసి చూడండి. 32 ఏళ్లలో ఈ మహానగరానికి ఎన్నికైన కార్పొరేటర్లు ఉన్నది ఐదేళ్లు. మిగతా 27 ఏళ్లు స్పెషలాఫీసర్లదే రాజ్యం. ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకునేంత కాలం అది.

ఈ ఖాళీ ఏళ్లు ముస్లింల మీద ఏం పని చేశాయో మన మేధావులు పట్టించుకోలేదు. మోరీ నిండింది, నల్లా రావడం లేదు, ఖబ్రస్తాన్ గోడ కూలింది. ఎవరికి చెప్పాలి? వార్డుకు మనిషి లేడు. ఆఫీసరుకు ఉర్దూ రాదు, మనకు ఇంగ్లిషు రాదు. అప్పుడు బస్తీ ఎవరి దగ్గరికి పోతుంది? మసీదు కమిటీ సదర్ దగ్గరికి పోతుంది. ఆయన నలుగురికీ తెలిసినవాడు, దర్ఖాస్తు రాయించగలడు, ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. పక్క గల్లీ హిందువులు గుడి కమిటీ పెద్ద దగ్గరికి పోతారు. మోరీ ఒకటే. దర్ఖాస్తులు రెండు. ఒకటి మసీదు పేరు మీద, ఒకటి గుడి పేరు మీద. సర్కారు కూడా దీన్నే ఖాయం చేసింది. ఎక్కడ గొడవ జరిగినా పోలీసులు పీస్ కమిటీ పిలుస్తారు. అందులో కూర్చునేవాళ్లు వార్డు మనుషులుగా కూర్చోరు, మతాల మనుషులుగా కూర్చుంటారు. ముస్లింలు మతపెద్దల చేతుల్లో ఉన్నారని సెక్యులర్ మిత్రులు విసుక్కుంటారు. మతపెద్ద తప్ప ఇంకో పెద్ద లేకుండా 27 ఏళ్లు చేసినది ఎవరు?

ఈ మధ్యలో సర్కారు జనం దగ్గరికి రాలేదని కాదు. 1967లో హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు మొదలైంది. బస్తీ కమిటీలు, బాల్వాడీలు, కుట్టు మిషన్లు, మహిళా మండళ్లు వచ్చాయి. 1980లలో బ్రిటన్ సాయంతో బస్తీల్లో సిమెంటు గల్లీలు, మోరీలు, కమ్యూనిటీ హాళ్లు కట్టారు. కుట్టు నేర్చుకుని ఇల్లు నిలబెట్టిన ముస్లిం ఆడవాళ్ల కథలు మన బస్తీల్లో ఉన్నాయి. అది మంచి పనే. 1995లో 'ప్రజల వద్దకు పాలన' అన్నారు. 1997లో 'జన్మభూమి' అన్నారు. ఆఫీసర్లు గల్లీలోకి వచ్చి మైకులో మాట్లాడారు. ఆ రెండు కార్యక్రమాలూ మొదలైన రోజుల్లో నగరానికి ఎన్నికైన కౌన్సిల్ లేదు. పాలన ప్రజల దగ్గరికి వచ్చింది గానీ ప్రజలు ఎన్నుకున్న మనిషిని బయటే నిలబెట్టి వచ్చింది. దయ ఉన్న ఆఫీసరు బదిలీ అయితే ఆ దయ కూడా బదిలీ అవుతుంది. హక్కు అట్లా బదిలీ కాకూడదు.

మధ్యలో వచ్చిన ఆ ఐదేళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1986 ఎన్నికల్లో మజ్లిస్ పెద్ద పార్టీగా వచ్చింది. ముస్లింల పార్టీ అని అందరూ చెప్పుకునే ఆ పార్టీ తరఫున ప్రకాశ్‌రావు, సత్యనారాయణ, పోచయ్య లాంటి వాళ్లు మేయర్లయ్యారు. పోచయ్య దళితుడు. ఇది రాజకీయ ఎత్తుగడే అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కావచ్చు. అయినా అందులో ఒక పాఠం ఉంది. ముస్లిం ఓటు ఒక దళితుణ్ని నగరం మొదటి కుర్చీలో కూర్చోబెట్టగలిగితే, హిందువు ఓటుతో గెలిచిన కార్పొరేటర్ ముస్లిం గల్లీకి జవాబు చెప్పలేడా? సికింద్రాబాద్‌కి ఇది కొత్తేమీ కాదు. ఇక్కడి దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రిగా పనిచేశాడు. ఆ పొత్తుల మంచిచెడ్డలు వేరే వాదం. ఒక కౌమ్ మనిషి ఇంకో కౌమ్ కోసం మాట్లాడటం లష్కర్ ఎరగనిది కాదు అని చెప్పడానికే ఈ మాట.

2007లో చుట్టుపక్కల మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. రెండేళ్లకు పైగా మళ్లీ స్పెషలాఫీసరే. 2009 నవంబర్‌లో 150 వార్డులకు ఎన్నికలు జరిగాయి. సికింద్రాబాద్ తార్నాక వార్డు నుంచి గెలిచిన బండ కార్తీకరెడ్డి మేయరయ్యారు. 2012లో మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్ ఆ కుర్చీలోకి వచ్చారు. 2014 చివర్లో గడువు తీరితే 2016 ఫిబ్రవరిలో గానీ మళ్లీ ఎన్నికలు రాలేదు. 2020 డిసెంబర్ ఎన్నికల తర్వాత తార్నాక నుంచే మోతె శ్రీలత డిప్యూటీ మేయరయ్యారు. 2020లో మజ్లిస్‌కు 44 సీట్లొచ్చాయి. 2016లోనూ 44, 2009లో 43. ఎన్నికలు మారినా అంకె కదల్లేదు. ఆ అంకె బయట ఉన్న ముస్లిం ఎట్లా బతుకుతున్నాడన్నది ఎవరి ఎన్నికల విశ్లేషణలోనూ ఉండదు.

ఇంతకీ కార్పొరేటర్ పనేమిటి? చట్టంలో రాసినది ఒకటి, గల్లీకి తెలిసినది ఒకటి. పొద్దున్నే ఆయన ఇంటి ముందు పది మంది నిలబడతారు. స్తంభానికి బల్బు లేదు. డ్రైనేజీ ఇంట్లోకి తంతోంది. పింఛను ఆగింది. రేషన్ కార్డులో కొడుకు పేరు ఎక్కలేదు. ఇంటికి రెండో అంతస్తు వేస్తుంటే ఎవరో ఫిర్యాదు చేశారు. ఆసుపత్రిలో మంచం కావాలి. ఇందులో సగం పనులు కార్పొరేటర్ చేతిలో లేవు. ఒక ఫోను, ఒక లెటర్‌హెడ్డు, ఒక సంతకం - అంతే ఆయన బలం. అయినా పేదవాడు ముఖాముఖి చూడగలిగే సర్కారు ఆ ఒక్క మనిషే. ముఖ్యమంత్రి ఫ్లెక్సీలో కనిపిస్తాడు. ఎమ్మెల్యే కారులో కనిపిస్తాడు. కార్పొరేటర్ గల్లీలో కనిపించాలి.

మన గల్లీలో ఆయన ఎప్పుడు కనిపిస్తున్నాడు? రంజాన్‌లో కనిపిస్తున్నాడు. నెత్తిన టోపీ, మెడలో రుమాలు, చేతిలో ఖర్జూరం, పక్కన ఫొటోగ్రాఫర్. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే రంజాన్‌కి బట్టల ప్యాకెట్లు పంచింది, మసీదుల్లో ఇఫ్తార్‌లు పెట్టింది. బోనాలకు ఒక చెక్కు, క్రిస్మస్‌కు ఒక కేకు, రంజాన్‌కి ఒక దావత్. పండుగకు వచ్చే మనిషిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. 1992 డిసెంబర్ చూసినవాళ్లకు, తమ గుమ్మంలోకి ఇంకో మతం మనిషి వచ్చి కూర్చోవడం విలువేమిటో తెలుసు. అయితే నాయకుడు మనల్ని పండుగలో మాత్రమే గుర్తుపడితే మనం ఆయనకు పౌరులుగా కనిపించడం లేదన్నమాట. రంజాన్ నెలకు ముస్లింలం, మిగతా పదకొండు నెలలు ఎవరమూ కాం. ఇఫ్తార్‌లో మోరీ సంగతి ఎత్తితే మర్యాద తప్పినట్టు చూస్తారు. అతిథిని అడగకూడదు కదా! ప్రతినిధిని అతిథిగా మార్చేశాక ఇక అడిగేదెవరిని?

మోరీ చిన్న విషయమని ఎవరైనా అంటే వాళ్లు సికింద్రాబాద్‌లో వానాకాలం గడపలేదన్నమాట. 2000 ఆగస్టులో బేగంపేట నాలా పొంగి ఇళ్లు మునిగాయి. 2020 అక్టోబర్‌లో నగరమే మునిగింది. ఇంటికి పది వేల రూపాయల సాయం ప్రకటించారు. పంచడంలో పార్టీవాళ్ల చేతివాటం గురించి ఆరోపణలు రేగాయి. మునిగినా డబ్బు అందనివాళ్లు మీసేవ ముందు బారులు తీరారు. 2023 ఏప్రిల్ 29న కళాసిగూడలో పొద్దున్నే పాల కోసం బయటికి వచ్చిన ఒక బడిపిల్ల వాన నీటిలో కనపడని నాలా గుంతలో పడి చనిపోయింది. ఆ దారిన ఆ పొద్దు ఏ ఇంటి పిల్ల వెళ్లినా అదే జరిగేది. ఆ నాలా మీద మూత ఉందా లేదా అని అడగడానికి ఏ మతం పేరూ అక్కర్లేదు. అడిగే అలవాటు కావాలి.

మోరీ ఒక్కటే కాదు, కాగితం కూడా ఉంది. ముస్లిం ఉనికి ఇవాళ కాగితం మీద వేలాడుతోంది. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక ఈ నగరంలో ముస్లింలు మునిసిపల్ ఆఫీసుల ముందు బర్త్ సర్టిఫికెట్ల కోసం నిలబడ్డారు. ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్లు, ఉర్దూలో ఒక తీరు, ఇంగ్లిషులో ఇంకో తీరు పేరు పడినవాళ్లు, తేదీ బదులు 'వరదలొచ్చిన ఏడు' అని చెప్పుకునేవాళ్లు. తర్వాత కొన్నేళ్లకు, సరైన ఆధారాలు లేకుండా జారీ చేశారంటూ కార్పొరేషనే వేల సర్టిఫికెట్లు రద్దు చేసింది. ఇచ్చిన చేయీ మునిసిపాలిటీదే, లాక్కున్న చేయీ మునిసిపాలిటీదే. మధ్యలో ఎవరు నిజంగా దళారీకి డబ్బు కట్టారో, ఎవరు నిజంగా ఇక్కడే పుట్టారో తేల్చి చెప్పగలిగినవాడు గల్లీ తెలిసిన కార్పొరేటరే. పుట్టిందీ చచ్చిందీ రాసుకునే కచేరీ మన అస్తిత్వానికి మొదటి సాక్షి. దాన్ని వదిలేసి అస్తిత్వం గురించి మనం ఎన్ని కవితలు రాసుకుంటే ఏం లాభం?

కంటోన్మెంటులో పరిస్థితి ఇంకా అన్యాయం. అక్కడ బోర్డుకు అధ్యక్షుడు ఇవాళ్టికీ ఫౌజీ అధికారే. జనం ఎన్నుకునే వార్డులు ఎనిమిది. 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. గడువు తీరాక కొంతకాలం పొడిగించి, 2021లో ఆ సభ్యులను ఇంటికి పంపారు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేశారు. అంతకుముందే, మీ ఇళ్లు రక్షణ శాఖ భూముల్లో ఉన్నాయంటూ వేల మంది బస్తీవాళ్ల పేర్లను బోర్డు ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. పార్లమెంటుకు ఓటు వేసే మనిషికి తన మోరీ గురించి ఓటు లేదు! రెండు వందల ఏళ్ల కింద లష్కర్ బజారు మనిషికి ఏ స్థానం ఉండేదో, ఆ బస్తీవాళ్లు మళ్లీ అక్కడికే చేరారు.

ఎన్నికైన మనిషి అవసరం అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది గొడవ రోజున. 2024 అక్టోబర్ 14 తెల్లవారుజామున కుమ్మరిగూడ ముత్యాలమ్మ గుడిలో అమ్మవారి విగ్రహాన్ని ఒకడు ధ్వంసం చేశాడు. పట్టుబడ్డవాడు ముంబై నుంచి వచ్చిన ముస్లిం యువకుడు. గల్లీకి అతనెవరో తెలియదు. అయినా ఆ వారం సికింద్రాబాద్ ముస్లిం ప్రతి ఒక్కడూ తల దించుకుని నడిచాడు. 19న జరిగిన ఆందోళనలో రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి. ముత్యాలమ్మకు జరిగిన అవమానం ఆ గల్లీ పొరుగువాళ్లుగా మనకూ జరిగిన అవమానమే. ఈ మాట ముస్లిం చెప్తే భయంతో చెప్తున్నాడంటారు. పక్కవాడు చెప్తే ఓట్ల కోసం అంటారు. రెండు గల్లీల మోరీ తీయించిన మనిషి, రెండు గల్లీల చావులకు వచ్చి నిలబడ్డ మనిషి చెప్తే వింటారు. అట్లాంటి మనిషిని గొడవ రోజున తయారు చేసుకోలేం. ముందు అయిదేళ్లూ అడిగి, కొట్లాడి, పని చేయించుకుని తయారు చేసుకోవాలి.

చట్టం మనకు కొన్ని తలుపులు తెరిచింది, కొన్ని మూసింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో ఎవరికైనా తెలుసా? 2016లో 150 వార్డుల్లో 75 ఆడవాళ్లకు దక్కాయి. నల్లా దగ్గర బిందెతో నిలబడే ముస్లిం ఆడమనిషికి వార్డు సంగతి మగవాడికన్నా ఎక్కువ తెలుసు. అయినా గెలిచిన చాలా చోట్ల కుర్చీ భార్యది, ఫోను భర్తది. పైగా ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన ఈ ఎన్నికలన్నిటిలో నడిచింది. ఎమ్మెల్యేకి, ఎంపీకి లేని ఆ షరతు వార్డు మనిషికే ఎందుకు? అది పేదలను, ముఖ్యంగా పేద ముస్లిం ఆడవాళ్లను గుమ్మం బయటే ఆపింది.

తప్పు ఒక్క చట్టానిదే కాదు. 2009లో నూటికి 42 మందికి అటూఇటూగా ఓటేశారు. 2020లో 47 కూడా దాటలేదు. సగానికి పైగా నగరం తన మోరీ గురించి ఓటేయడానికి బయటికి రాలేదు. అందులో మన ఇళ్లూ ఉన్నాయి. 'మనవాడు పోటీలో లేడు, మనకెందుకు' అన్న మాట మన గల్లీల్లో వినపడుతుంది. మనవాడంటే ఎవరు అన్న ప్రశ్నకు మనం పాత జవాబే పట్టుకుని వేలాడుతున్నాం.

సికింద్రాబాద్ ముస్లిం తన అనుభవం నుంచి కొత్త జవాబు చెప్పగలడు. ఇక్కడ మసీదు దర్ఖాస్తు, గుడి దర్ఖాస్తు వేరువేరుగా పోయినన్నాళ్లూ రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. ఒకే కాగితం మీద అందరి సంతకాలూ పెట్టి, ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి, వార్డు కమిటీ కూర్చోబెట్టమని అడగాలి. ఖబ్రస్తాన్ గోడను, శ్మశానం గోడను ఒకే జాబితాలో రాసి అడగాలి. ఇఫ్తార్‌కి వచ్చిన కార్పొరేటర్‌కి ఖర్జూరం పెట్టి, నమాజు అయ్యాక గల్లీ చివర మోరీ దాకా నడిపించుకుపోవాలి. ఆయన పేరు ఏదైనా కానీ, అక్కడిదాకా వస్తే మనవాడు. రాకపోతే, టోపీ పెట్టుకున్నవాడైనా సరే, వచ్చే ఎన్నికల్లో ఆ సంగతి ఆయనకు గుర్తుచేయాలి.